అరవై మూడో రాయి

నార్వే ఉత్తర తీరంలోని ఒక ప్రయోగశాలలో చేరిన నాలుగో నెలలో, మా విభాగం పెద్దావిడ నా నోటుపుస్తకాన్ని బల్లదీపం కిందికి వంచి, రబ్బరుతో చెరిపిన చోట్లను పెన్సిలు మొనతో ఒక్కొక్కటిగా చూపిస్తూ, "నా తప్పును కూడా నువ్వు ఎక్కించుకున్నావు" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. తిట్లు తిని తల వంచుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్యే. తిట్టకుండా, అడ్డంగా దొరికిపోయిన చోటును చూపించి, జవాబు కోసం నిదానంగా కూర్చునే మనిషి ముందు ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబునే ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కొంత సంజాయిషీ ఉంది, కొంత ఉక్రోషమూ ఉంది.

మా పని చేపల వయసు చదవడం. కాడ్ చేప తలలో, లోపలి చెవి భాగంలో, సున్నపు పదార్థం పేరుకుని ఏర్పడిన రాళ్లు ఉంటాయి. వాటిలో పెద్ద జతను తీసి, ఒకదాన్ని నడిమికి విరిచి, విరిగిన ముఖాన్ని సూక్ష్మదర్శిని కింద ఏటవాలు వెలుతురులో చూస్తే, నరికిన చెట్టు మొద్దులో లాగా వలయాలు కనిపిస్తాయి. వేసవిలో పెరిగిన భాగం వెడల్పుగా, తెల్లగా ఉంటుంది. శీతకాలపు భాగం సన్నగా, నల్లని గీతలా ఉంటుంది. ఆ నల్ల గీతలను లెక్కపెట్టడమే వయసు చదవడం. జనవరి 1ని అన్ని చేపలకూ పుట్టినరోజుగా పెట్టుకున్నాం కనుక, మార్చిలో పట్టిన చేప రాయి అంచున ఇంకా పూర్తికాని నల్ల గీత ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అదే గీత డిసెంబరులో పట్టిన చేప అంచున కనిపిస్తే తీసుకోకూడదు. వినడానికి ఇంతే. చేతికి వంద రాళ్లు ఇచ్చి కూర్చోబెడితే మాత్రం, ఏది గీత, ఏది గీతలా కనిపించే మచ్చ అని తేల్చుకోవడంలోనే రోజు గడిచిపోతుంది. 1899లో రైబిష్ అనే శాస్త్రవేత్త ప్లెయిస్ చేపల చెవి రాళ్లలో వలయాలను చదివినప్పటి నుంచీ ఈ పని చేసేవాళ్లందరి తలనొప్పీ ఇదే.

నాకూ అలాగే వంద రాళ్లు ఇచ్చారు. ఆవిడ అప్పటికే వాటిని చదివి పెట్టుకున్నారు. నేను విడిగా చదవాలి, తర్వాత ఇద్దరి అంకెలనూ పోల్చి, ఏకీభావం ఎంత శాతమో చూడాలి. మొదటిసారి నిజాయితీగానే చదివాను. రెండోసారి సరిచూసుకునే వేళకు ఆవిడ అంకెల కాగితం పక్క బల్ల మీదే ఉంది. దాచిపెట్టడం ఎవరికీ తోచలేదు, నాకు చూడకుండా ఉండడమూ చేతకాలేదు. 19 చోట్ల తేడా వచ్చింది. ఆ 19 రాళ్లనూ మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టి, 11 చోట్ల నా కళ్లే పొరబడ్డాయని నన్ను నేను నమ్మించుకుని, నా అంకెను చెరిపి ఆవిడ అంకె వేశాను. వాటిలో ఒకటి 63వ రాయి. ఆ చేప పొడవు 84 సెంటీమీటర్లు. నేను 8 ఏళ్లని రాశాను, ఆవిడ కాగితంలో 3 అని ఉంది. మా రాళ్లు వచ్చిన బారెంట్స్ సముద్రంలో, అంటే నార్వే, రష్యాల ఉత్తర తీరపు సముద్రంలో, మూడేళ్ల కాడ్ మహా అయితే 40 సెంటీమీటర్ల దాకా ఉంటుందని నాకు తెలుసు. తెలిసి కూడా 8ని చెరిపి 3 వేశాను. ఆవిడ 8 రాయబోయి, చెయ్యి తొందరపడి 3 రాశారు, అంతే.

"నేనే ఈ రాళ్లను మళ్లీ చదివితే నాతో నేను ఇంతగా ఏకీభవించను" అని కూడా అన్నారు ఆవిడ. నూటికి 92 కలిశాయని మురిసిపోతూ పుస్తకం తెచ్చి ఇచ్చింది నేనే మరి.

ఎందుకు అలా చేశానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మన దేశంలో నాకు పరిశోధన నేర్పిన గురువుగారు రాసిన అంకె మీద ఇంకో అంకె వేయడం నేను ఎన్నడూ చూడలేదు. ఆయన కోపిష్ఠి కాదు, అడిగితే ఓపికగా చెప్పేవారు. మేమే అడిగేవాళ్లం కాదు. తేడా వస్తే మా కొలత పలకదే తప్పు, మా కళ్లదే తప్పు. ఇది చదివేవాళ్లకు నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు. అయితే ఈ వినయం ఒక్కటే కారణమని చెప్పి తప్పించుకుంటే అది కూడా ఒక రకమైన చెరపడమే అవుతుంది. అసలు సంగతి, నాకు రాళ్లు చదవడం రాదు. పదేళ్లు చేపల మీద పనిచేసి వచ్చిన నేను, చేప వయసును రాతిలో ఎప్పుడూ చదవలేదు; పొడవుల్లో చదివాను.

ఉష్ణ సముద్రాల్లో శీతకాలం రాతి మీద గీత గీసేంత గట్టిగా రాదు. అక్కడి చాలా చేపల చెవి రాళ్లలో ఏటేటా ఏర్పడే వలయాలు కనిపిస్తే కనిపిస్తాయి, లేకపోతే లేదు. కనిపించినా, అది ఏడాదికి ఒకటా, గుడ్లు పెట్టిన ప్రతిసారీ ఒకటా అన్నది తేలదు. రోజుకొకటి చొప్పున ఏర్పడే అతి సన్నని వలయాలు ఉంటాయని 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త చూపించారు. కానీ వాటిని లెక్కించాలంటే ఒక్కో రాయినీ పల్చని రేకులా అరగదీసి, వందల గీతలను ఒక్కొక్కటిగా చూడాలి. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు రాగానే వందల చేపలను కొలిచి పంపేయాల్సిన చోట అది సాగే పని కాదు. అందుకని మేం పొడవులు కొలిచేవాళ్లం. ఒక నెలలో 12 సెంటీమీటర్ల దగ్గర పోగుపడ్డ గుంపు, మరుసటి నెల 14 దగ్గరికి, ఆ తర్వాతి నెల ఇంకొంచెం ముందుకు జరుగుతుంది. ఆ గుంపు నడకను బట్టి చేప ఎంత వేగంగా పెరుగుతోందో, ఎంత వేగంగా చచ్చిపోతోందో లెక్కకడతాం. ఆ లెక్కను కంప్యూటరుతో చేసే ఎలెఫాన్ అనే పద్ధతిని మనీలాలో పనిచేస్తున్న డేనియల్ పాలీ, డేవిడ్ అనే శాస్త్రవేత్తలు 1981లో ప్రచురించారు. అక్కడి ఇక్లార్మ్ అనే మత్స్య పరిశోధన సంస్థే ఉష్ణమండల మత్స్య శాస్త్రవేత్తలందరినీ కలిపి ఒక నెట్‌వర్కును నడిపింది. దానికి ఫిష్‌బైట్ అనే చిన్న పత్రిక ఉండేది. పెద్ద కంప్యూటర్లు లేనివాళ్ల కోసం, ప్రోగ్రాము చేయగల కాలిక్యులేటర్ల మీద ఈ లెక్కలు ఎలా చేయాలో 1984లో ఒక కరదీపికే వచ్చింది. నేను చదువుకునే నాటికి మా గ్రంథాలయంలో దాని అట్ట ఊడిపోయి, కుట్టు మాత్రమే మిగిలింది. ఎన్ని చేతులు మారితే ఒక లెక్కల పుస్తకానికి ఆ గతి పడుతుందో ఇక్కడి వాళ్లకు చెప్పాలని నాకు చాలాసార్లు అనిపించింది.

చెప్పలేదు. పెద్దావిడ మాత్రం నాకు చెప్పవలసింది చెప్పారు. బారెంట్స్ కాడ్‌ను నార్వే, రష్యా పంచుకుంటాయి. 1976 నుంచి రెండు దేశాల ఉమ్మడి సంఘం ఒకటి ఏటా కూర్చుని ఎంత పట్టాలో నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయానికి ఆధారం రెండు వైపులా చదివిన వయసులే. ఒక వైపు వాళ్లు క్రమంగా ఒక ఏడాది ఎక్కువ చదువుతూ పోతే, ఒక మంచి ఏడాదిలో పుట్టిన చేపల మంద కాగితం మీద పక్క ఏడాదికి జరిగిపోతుంది. మంద జరిగితే సముద్రంలో ఎంత మిగిలిందన్న అంచనా జరుగుతుంది, దానితో పట్టు పరిమితీ జరుగుతుంది. అందుకే 1990ల నుంచి ఇరువైపుల వాళ్లూ ఒకరి రాళ్లను ఒకరికి పంపుకుని, విడివిడిగా చదివి, ఎదురెదురుగా కూర్చుని తేడాలను లెక్కపెడుతూ వచ్చారు. ఆ తేడాయే వాళ్లకు కావలసిన సరుకు. ఎన్నిట్లో ఎన్ని, ఏ వయసు దగ్గర, ఎటువైపు తప్పాయో తెలిస్తే దాన్ని లెక్కలోనే పొందుపరుస్తారు. నేను చేసిన పని ఆ సరుకును చెరిపేయడం. నేను కలిపిన 11 అంకెలు ఆవిడకు మర్యాదగా కనిపించలేదు. దొంగ తూకంగా కనిపించాయి.

ఆ మాట గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అయితే ఆ దేశాల వాళ్లు మొదటి నుంచీ ఈ విద్యలో ఆరితేరినవాళ్లు అనుకుంటే పొరపాటు. 1902లో ఎనిమిది దేశాలు కోపెన్‌హాగన్‌లో కలిసి సముద్ర పరిశోధనకు అంతర్జాతీయ మండలిని పెట్టుకున్నాయి; ఐసీఈఎస్ అని అందరూ పిలిచేది దాన్నే. తర్వాత సభ్య దేశాలు 20 దాకా పెరిగాయి. ఆ మండలి చరిత్రలో బాల్టిక్ సముద్రపు తూర్పు కాడ్ కథ ఉంది. ఆ చేపకు బాల్టిక్ నీటిలో వలయాలు సరిగ్గా పడవు. చుట్టూ ఉన్న దేశాల వాళ్లు ఒకే రాయికి వేర్వేరు వయసులు చదువుతూ, ఆ సంగతి అందరికీ తెలిసి ఉండగానే దశాబ్దాలు గడిపారు. కూర్చున్నారు, పోల్చుకున్నారు, మళ్లీ కూర్చున్నారు. చివరికి 2014లో వయసుల మీద ఆధారపడిన అంచనాను మండలి పక్కన పెట్టేయాల్సి వచ్చింది. చేప ఎదుగుదల తగ్గడం, సహజ మరణాలు పెరగడం వంటి చిక్కులు కూడా తోడయ్యాయి, కానీ వయసుల గొడవ ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఆ తర్వాత చేపలను పట్టి, టెట్రాసైక్లిన్ ఇచ్చి, గుర్తు తగిలించి వదిలిపెట్టి, మళ్లీ దొరికినప్పుడు రాతిలో ఆ మందు మెరిసే గీత నుంచి ఎంత పెరిగిందో చూసుకున్నారు. 2019లో కొత్త అంచనా వచ్చింది. అది ఎక్కువగా పొడవుల మీద నడిచే అంచనా.

పొడవుల మీద! పెద్దావిడ ఈ సంగతి కాఫీ గదిలో మామూలుగా చెబుతుంటే నాకు లోపల ఎక్కడో డప్పు మోగింది. మేం నలభై ఏళ్లుగా చేస్తున్నది అదే కదా అన్నాను. నాలుగేళ్లలో ఆవిడతో నేను గొంతెత్తి అన్న మొదటి మాట అదేనేమో. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మరి మాకు చెప్పలేదేం?" అన్నారు. మీరు అడగలేదుగా అన్నది నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అది పూర్తి నిజం కాదని నాకే తెలుసు. ఆ ఏడాది పాఠ్యశిబిరంలో పొడవుల గుంపులను విడదీయడం మీద ఒక యువకుడు తడబడుతుంటే, ఎక్కడ తప్పుతున్నాడో తెలిసి కూడా, నేర్చుకోవడానికి వచ్చినదాన్ని నేను నేర్పడమేమిటని వెనక వరసలో కూర్చుని ఉండిపోయాను.

ఇక్కడే నా ఉక్రోషం మొదలవుతుంది. ఈ రంగంలో ఒక మాట ఉంది, డేటా కొరత ఉన్న మత్స్య సంపద అని. ఒక సదస్సులో, ఒకే ఉదయం, ఒకే వేదిక మీద ఆ మాట తొమ్మిదిసార్లు వినిపించింది; లెక్కపెట్టడం నా వృత్తి కనుక లెక్కపెట్టాను. ఆ మాట అన్నప్పుడల్లా తెర మీద కనిపించిన పటంలో హిందూ మహాసముద్రం బూడిదరంగులో ఉంది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో పుట్టింది. తీరాన్ని మండలాలుగా, పట్టు దించే రేవులుగా, రోజులుగా విడగొట్టి, వాటి నుంచి యాదృచ్ఛికంగా ఎంచుకున్న రేవులో, ఎంచుకున్న రోజున మనిషి నిలబడి లెక్క రాసుకునే నమూనా సర్వే దశాబ్దాలుగా నడుస్తోంది. వేల పడవలు, వందల రకాల వలలు, వాటిలో కలగలిసి వచ్చే వందల జాతులు. ఉత్తర సముద్రాల్లో ఒక్క జాతి చుట్టూ తిరిగే లెక్కల బండికి ఇది సరిపోదు, ఒప్పుకుంటాను. కానీ లేనిది వయసుల పట్టిక. దాన్ని డేటాయే లేదనడం, వాళ్ల పలకలో పట్టని చేపను చేపే కాదనడం లాంటిది. ఆ ఉదయం నేను చెయ్యి ఎత్తి ఈ ముక్క అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. రాళ్ల విషయంలో నేర్చుకున్నది సభల్లో పనికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఐసీఈఎస్ మండలికి ప్రతినిధులను పంపేది ప్రభుత్వాలు. వృత్తి సంఘాలు అలా కావు. సభ్యత్వం తీసుకుంటే ఎవరైనా లోపలికి వెళ్లి, ఎంత పెద్దవాళ్లనైనా ప్రశ్నించవచ్చు. 1870లో చేపల పెంపకందారులు మొదలుపెట్టిన అమెరికన్ ఫిషరీస్ సొసైటీ వీటిలో అన్నిటికంటే పాతది. ఆసియా ఫిషరీస్ సొసైటీ 1984లో వచ్చింది. ఇలాంటి సంఘాలన్నీ చెయ్యి కలిపితే నడిచే ప్రపంచ మత్స్య మహాసభ 1992లో ఏథెన్స్‌లో మొదలై, 2024లో సియాటిల్‌లో జరిగింది. సభ్యత్వం సులభమే, వీసా సులభం కాదు. మన వాళ్ల పేర్లు కార్యక్రమ పత్రంలో ఉండి, వాళ్ల కుర్చీలు ఖాళీగా ఉండడం నేను చూశాను.

ఈ సంఘాల పత్రికల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన తగాదా 1983 నాటిది. బీమిష్, మెక్‌ఫార్లేన్ అనే ఇద్దరు కెనడా శాస్త్రవేత్తలు అమెరికన్ సొసైటీ పత్రికలోనే, వయసులు చదివేవాళ్లు తాము చదివినది నిజమో కాదో రుజువు చేసుకోవడమే మరిచిపోయారని వృత్తినంతటినీ కలిపి మందలించారు. ఇద్దరు చదివేవాళ్లు కలిసినంత మాత్రాన చదివినది నిజమైపోదు, ఇద్దరూ కలిసి తప్పి ఉండవచ్చు అన్నది వాళ్ల వాదనలో ఒక ముక్క. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల లోతు నీటిలో దొరికే ఆరెంజ్ రఫీ చేప విషయంలో ఆ భయమే నిజమైంది. వేట మొదలైన కొత్తలో అది మామూలు వేగంతో పెరిగే చేపే అనుకుని విరగబడి పట్టారు. నిజానికి అది వందేళ్లు దాటి బతికే చేప అని తర్వాత తేలింది. అందరూ ఏకీభవించి చేసిన తప్పును సరిదిద్దడానికి పక్కన విభేదించే అంకె ఒకటైనా ఉండదు. ఈ వాక్యం పెద్దావిడ నాతో అనలేదు, నేనే అనుకున్నాను. కాని అనుకున్నది ఆవిడ గొంతులోనే.

అయినా ఎదుటివాళ్లు చెప్పినది మారు మాట్లాడకుండా రాసుకోవడం ప్రతిసారీ తప్పేనని నేను ఒప్పుకోను. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నం తీరంలో సేకరించిన 200 చేపల వర్ణనలను, బొమ్మలను 1803లో ప్రచురించాడు. ఆ చేపలకు తన పేర్లు పెట్టుకోకుండా, అక్కడి జనం పిలిచే పేర్లనే చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. దాన్ని చూసి పారిస్‌లో కువియే అనే జంతు శాస్త్రవేత్త ఒక చేపకు ఆ తెలుగు పేరునే శాస్త్రీయ నామంలో ఉంచేశాడు. ఈనాటికీ ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త అయినా ఆ చేపను రాస్ట్రెల్లిగర్ కానగుర్త అనే రాయాలి. నేను పదేళ్లు పొడవులు కొలిచింది ఆ కానగుర్తలనే. ఒకసారి మా ప్రయోగశాలలో ఈ సంగతి చెబితే అందరూ ఆసక్తిగా విన్నారు. ఆ మాటకు అర్థమేమిటని పెద్దావిడ అడిగారు. నాకు తెలియదు. పదేళ్లలో ఒక్కసారీ ఒడ్డున ఎవరినీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. రస్సెల్‌కు పేర్లు చెప్పిన వాళ్లెవరో నాకు ఎక్కడా కనిపించలేదు. సహకారం అనే మాట ఎప్పుడు విన్నా, ఆ పేర్లు చెప్పినవాళ్ల చోట ఉన్న ఖాళీ నాకు కనిపిస్తుంది.

చెరపకూడదన్నది ఆవిడ నాకు నేర్పిన ఒకే ఒక్క నియమం. తప్పయితే అడ్డంగా ఒక్క గీత గీసి, కింద ఉన్నది కనిపించేలా ఉంచి, పక్కన కొత్త అంకె వేసి, పొడి అక్షరాలు రాయాలి. 63వ రాయిని ఆవిడ పారేయలేదు, నన్ను ఏడిపించడానికేమో అనుకున్నాను. మరుసటి ఏడాది మార్పిడికి వెళ్లే పెట్టెలో దాన్నీ చేర్చారు. రష్యా వైపు మూర్మన్‌స్క్ నుంచి అది 9 అని తిరిగి వచ్చింది. రాయి నడిబొడ్డుకు దగ్గరగా ఒక సన్నని నల్ల గీత ఉంది. దాన్ని వాళ్లు మొదటి శీతకాలంగా చదివారు, మేం దొంగ గీతగా వదిలేశాం. ఆ ఒక్క గీత మీద గంట సేపు వాదన నడిచింది. తెర మీద రాయి బొమ్మ ఒక గది గోడంత పెద్దదిగా ఉంది. అవతలి వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు తన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఇది మొదటి శీతకాలమే" అని మూడోసారి అన్నారు. అందరికంటే ముందు నా అభిప్రాయం చెప్పమన్నారు పెద్దావిడ. 8 అన్నాను. ఆ వెంటనే, ఎదురుగా కూర్చున్న ఆయన వయసు చూసి కాబోలు, 9 కూడా కావచ్చేమో అని అనబోయాను. ఆవిడ నా వైపు చూశారు. అనలేదు.

2022 మార్చిలో ఐసీఈఎస్ తన పనుల్లో రష్యా పాల్గొనడాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. బారెంట్స్ కాడ్ అంచనా అప్పటి నుంచి రెండు దేశాల శాస్త్రవేత్తల బృందమే విడిగా తయారు చేస్తోంది. చేపలు సరిహద్దు చూసుకుని ఈదవు కనుక అంకెలు అటూ ఇటూ నడవక తప్పదు. మా ప్రయాణాలు మాత్రం ఆగిపోయాయి. కళ్లజోడు తుడుచుకున్న ఆయన్ను నేను మళ్లీ చూడలేదు.

63వ రాయి కాగితపు కవరు మా అరలో ఉంది. దాని మీద 8 అని నా చేతిరాత, 9 అని ఆయన చేతిరాత పక్కపక్కనే ఉన్నాయి. ఏదీ కొట్టేసి లేదు. నా పాత నోటుపుస్తకంలో ఆ వరుస దగ్గర మాత్రం కాగితం రబ్బరు రుద్దుకుని పల్చబడిపోయింది. దాని మీద 3 ఉంది, దానికి అడ్డంగా ఒక గీత ఉంది, పక్కన మళ్లీ 8 వేసి, నా పొడి అక్షరాలు ఉన్నాయి.